నన్ను గెలిపించింది ఎవరు?

ఇంటర్ సెలవుల్లో ఒక రాత్రి బ్యాటిల్ రాయల్ గేమ్‌లో 23 కిల్స్‌తో మ్యాచ్ గెలిచాను. స్క్రీన్‌షాట్ తీసి వెంటనే హైదరాబాద్‌లో ఉన్న మా అన్నకి పంపాను. అన్న అంటే మా పెద్దమ్మ కొడుకు, నాకు గేమ్స్ నేర్పినవాడు. "రికార్డింగ్ ఉంటే పంపు" అన్నాడు. పంపాక ఫోన్ చేశాడు.

"తమ్మీ, మంచిగ చూడు. వీళ్ళల్ల ఒక్కడన్న చెట్టు ఎన్కకు దాక్కున్నడా? నువ్వు కాలుస్తుంటే నిలబడి చూస్తున్నరు. సగం మంది మనుషులే కాదురా, బాట్లు."

మళ్ళీ చూశాను. నిజమే. ఆ స్క్రీన్‌షాట్ అప్పటికే మూడు గ్రూపుల్లో పెట్టేశాను.

నేను ఐదో తరగతిలో ఉన్నప్పుడు అన్న నన్ను హనుమకొండలో ఒక నెట్ సెంటర్‌కి తీసుకెళ్ళేవాడు. గంటకి 20 రూపాయలు. అన్ని కంప్యూటర్లలో కౌంటర్ స్ట్రైక్ 1.6 ఉండేది. ఆ గేమ్‌ని 1999లో మొదలుపెట్టింది కూడా మనలాంటి ఇద్దరు స్టూడెంట్సే. మిన్ లీ, జెస్ క్లిఫ్ కలిసి హాఫ్-లైఫ్ మీద మోడ్‌గా చేశారు. నెట్ సెంటర్లో నన్ను చంపినవాడు రెండు కుర్చీల అవతలే కూర్చునేవాడు, వాడి నవ్వు నాకు వినిపించేది. నెల రోజులు ఓడుతూనే ఉన్నా. ఒకరోజు ఒక ఇంటర్ అన్నని వెనక నుంచి కత్తితో పొడిచాను. ఆయన హెడ్‌ఫోన్స్ తీసి, "ఎవడ్రా అది?" అని లేచి వచ్చి నా భుజం తట్టాడు. ఆ ఒక్క కిల్ ఇప్పటికీ గుర్తుంది. ఈ 23లో ఒక్కటీ గుర్తు లేదు.

కంపెనీల లెక్క వేరు. గేమ్ ఫ్రీ, డబ్బులు వచ్చేది స్కిన్ల మీద. కొత్తవాడు వరసగా ఓడి అన్‌ఇన్‌స్టాల్ చేస్తే స్కిన్ ఎవరు కొంటారు? ఫోర్ట్‌నైట్‌లో బాట్లు పెడుతున్నామని ఎపిక్ గేమ్స్ 2019లో బహిరంగంగానే చెప్పింది. నేర్చుకోవడానికి బాట్లుంటే తప్పు లేదు. కానీ ఏది బాటో, ఎవరు మనిషో నాకు చెప్పాలి కదా!

ర్యాంక్ అంటే ఏంటో మన వరంగల్‌లో పుట్టిన అర్జున్ ఇరిగేశిని చూస్తే తెలుస్తది. 2024 డిసెంబర్ ఫిడే లిస్టులో ఆయన రేటింగ్ 2801. విశ్వనాథన్ ఆనంద్ తర్వాత 2800 దాటిన రెండో భారతీయుడు. ఆ అంకెలో ప్రతి పాయింటూ ఎదురుగా కూర్చున్న మనిషి దగ్గర గెలుచుకున్నదే. ఓడితే తగ్గుతుంది, ఆ తర్వాత తగ్గింది కూడా. అందుకే దానికి విలువ.

ఇంతా చెప్పి నేను చేసిన పని కూడా చెప్పాలి. ఈ సెమిస్టర్ మినీ ప్రాజెక్ట్‌కి పైగేమ్‌లో పాంగ్ లాంటి గేమ్ రాశాను. హాస్టల్లో అందరూ రెండు మూడుసార్లు ఓడి లాప్‌టాప్ తిరిగిచ్చేశారు. బాధేసింది. ఆ రాత్రి ఒక ఇఫ్ కండిషన్ పెట్టా: వరసగా రెండు గేమ్‌లు ఓడితే కంప్యూటర్ బ్యాట్ నెమ్మదించాలి. మర్నాడు లాప్‌టాప్ నా చేతికి రాలేదు. "మస్తుందిరా" అన్నారు. నాకూ మస్తుగానే అనిపించింది.

అప్పుడే రూమ్మేట్ గెలిచాడు. ఫోన్ తీసి, స్కోర్ ఫొటో కొట్టి, ఊళ్ళో ఉన్న వాళ్ళ తమ్ముడికి పంపబోయాడు.

"ఆగరా" అన్నాను. కోడ్ చూపించాను. ఆ సాయంత్రమంతా వాడు నాతో మాట్లాడలేదు. మెస్ నుంచి వచ్చాక మాత్రం, "అది తీసెయ్, మళ్ళ ఆడత" అన్నాడు.

తీసేశాను. తీయడానికి పట్టింది రెండు లైన్లే. వాడు ఇప్పటికి పదకొండు సార్లు ఓడాడు. మొన్న 9-11 దాకా వచ్చాడు. ఇంకా ఆడుతున్నాడు.