కుక్కకుఁ గూడ నొక విస్తరి

ఇంటఁ గుక్కను బెంచుకొన్నవారి చిక్కులలోఁ బెద్దది యొకటి కలదు. నలుగురును గలసి బయటికిఁ బోయి యింత ఫలహారము చేసి రావలెనన్న, ఆ కుక్క నేమి చేయవలయునను ప్రశ్నము పుట్టును. ఇంటఁ గట్టివేసి పోయితిమా, వీధియంతయు దద్దఱిల్లునట్లు మొఱుగును. వెంటఁ దీసికొని పోయితిమా, ఫలహారశాల గుమ్మమునొద్దనే మన ప్రయాణము నిలిచిపోవును. “ఇదియు నొక చిక్కేనా?” యని సోదరీమణులు కొందఱు నవ్వవచ్చును. నవ్వుదురు గాక. కాని యీ చిన్న ప్రశ్నము తుదకు మా వీధి పిల్లల క్షేమమును గూర్చిన పెద్ద ప్రశ్నమైనది గావున, నాలుగు మాటలు వ్రాయ సాహసించుచున్నాను.

మేము హనుమకొండకును గాజీపేటకును నడుమ, వడ్డేపల్లి చెఱువునకు దాపునఁ గాపురముందుము. మా కుక్క పేరు మోతి. అది దొరల జాతిది కాదు. మన వీధులలోఁ బుట్టిన గోధుమవన్నె కుక్కయే. ఎండ చల్లఁబడినతోడనే నేనును మా యమ్మాయియు దానిని గొలుసుతోఁ బట్టుకొని చెఱువుకట్టమీఁదికి నడువఁబోవుట వాడుక. నడచి యలసిన పిమ్మట నొక గ్లాసెడు చాయ త్రాగి, రెండు మిరపకాయ బజ్జీలు తినవలెనని యెవరికిఁ దోఁపదు? అప్పుడే మాకు ఫలహారశాలల తెఱఁగులు తెలియవచ్చినవి.

అద్దపుతలుపుల హోటలు గుమ్మమున నిలిచియుండు మనిషి మోతిని జూచినంతనే చేయి యడ్డము పెట్టును. అతనిని దూషింపఁ బనిలేదు. వంట జరుగుతావునకు జంతువులను రానీయరాదని ఆహారభద్రతా నియమములే చెప్పుచున్నవి. మఱియు లోపలఁ గూర్చున్నవారిలోఁ గుక్కయన్న హడలిపోవువారుందురు, పసిబిడ్డలుందురు. ఒకరి ముద్దు మఱియొకరికి ముప్పు కారాదు గదా! హైదరాబాదువంటి మహానగరమునఁ గుక్కలతో వచ్చువారికొఱకే కొన్ని ఫలహారశాలలు వెలసినవి. 2018లో నచటి నగరపాలకులు కొండాపురమునఁ గుక్కలకై యొక యుద్యానవనమును గూడఁ దెఱచిరి. మాకు మాత్రము ఆ కొఱఁతను టిఫిను బండ్లు తీర్చినవి.

బండికి గుమ్మములేదు, అడ్డము పెట్టు చేయియు లేదు. ఆకాశమే పైకప్పు. చెట్టుక్రింద నొక బల్ల, ప్రక్కన నీళ్ల బిందె. మేము తఱచుగాఁ బోవు బండిని నడుపు నిల్లాలు మోతిని జూచి, “అక్కా, దానికి రెండిడ్లీలు ఎయ్యనా?” అని మొదటనే యడిగెను. మా మువ్వురిలో నెవరి యాఁకలి ముందు తీర్పవలెనో యామె కొక్క చూపులోనే తెలిసినది. బండికి నాలుగడుగుల దూరముననున్న చెట్టుమొదటఁ గుక్కను గట్టి, ఆకుమీఁద నిడ్లీలు పెట్టి, తక్కినవారికి దారి విడిచిన యెడల నెవరికిని ఇబ్బంది లేదు. కుక్కతో బయటికిఁ బోవువారికిఁ గొలుసు, చిన్న నీళ్లగిన్నె, మలము నెత్తివేయుట కొక కాగితపు సంచి, ఈ మూఁడును జేతనుండవలెను. ఇవి యున్నచో నెవరికిని ముఖము చిట్లించుకొను నవసరము రాదు.

ఏమి పెట్టవలెనన్నది వేఱొక విషయము. మనకు రుచియైనదంతయుఁ గుక్కకు హితము గాదు. ఇడ్లీ, వట్టి యన్నము, పెరుగన్నము, ఉప్పుకారములు లేక యుడికించిన గ్రుడ్డు దానికి సరిపడును. సాంబారును, బజ్జీలను, చట్నీలను దూరముగా నుంచవలెను. ఉల్లి, వెల్లుల్లులు పచ్చివైనను వండినవైనను గుక్క నెత్తుటిలోని యెఱ్ఱకణములను జెఱుచును. ద్రాక్షయుఁ గిస్‌మిసును మూత్రపిండములకుఁ జేటు గావున, పాయసము మిగిలినదని గిన్నె ముందు పెట్టరాదు. చాక్లెట్టు విషమే. చక్కెరకు బదులుగాఁ గొన్ని చప్పరించు మిఠాయిలలో వేయు జైలిటాలను పదార్థమును విషమే. వండిన కోడి యెముకలు నమలఁగా వాఁడియైన పేళ్లుగాఁ జీలి గొంతునను ప్రేవులలోను గ్రుచ్చుకొనును. చాయ దుకాణములయొద్దఁ బ్రేమతో విసరు ఉస్మానియా బిస్కట్టు ఒక ముక్కయైన నేమియుఁ గాదు గాని, అదే భోజనమైనచో నా చక్కెరయు వెన్నయు దానికిఁ జెఱుపు చేయును. అన్నిటికంటె ముఖ్యము నీరు. కుక్కకు మనవలె నొడలెల్లఁ జెమ్మట పట్టదు. నాలుక వెలికిఁ జాచి రొప్పియే వేఁడిమిని దీర్చుకొనును. ఎండ 40 డిగ్రీలు దాఁటు మా వరంగల్లు వేసవిలో మట్టిమూకుడు నీరు ఇడ్లీకంటె విలువైనది. ఆ నీరు దినదినము మార్చనిచో దోమలు పుట్టును.

మోతి యిడ్లీ తినుచుండఁగా నెప్పుడును మఱి నాలుగు వీధికుక్కలు వచ్చి దూరముగాఁ గూర్చుండెడివి. వానిని జూచినప్పుడు నాకుఁ దోఁచిన దేమనఁగా, మన పేటలలోఁ గుక్కల భోజనశాల లెప్పుడో వెలసియే యున్నవి. టిఫిను బండి వెనుక, కోడిమాంసపు దుకాణము ప్రక్క, పెండ్లిమండపము పెరటిలో, చెత్తకుండీ చుట్టును బ్రతిదినమును బంతులు సాగుచునే యున్నవి. ఆ బంతులకు యజమానుఁడు లేఁడు, వేళ లేదు, వడ్డించుటకు హద్దు లేదు. అందువలనఁ గలుగు కీడు మాకు తెలిసినది 2023 మే నెలలో.

ఆ నెల కాజీపేట రైల్వే నివాసములకడ నెనిమిదేండ్ల బాలుఁడు వీధికుక్కల బారిఁబడి మరణించెను. పొట్టకూటికై దూరదేశమునుండి వచ్చిన వారి బిడ్డఁడు. అంతకు మూఁడు నెలల ముందే, ఫిబ్రవరిలో, హైదరాబాదు అంబరుపేటలో నాలుగేండ్ల పసివాఁ డట్లే పోయెను. ఆ వార్త విన్న నాఁటినుండి మా వీధిలోఁ దల్లులెవ్వరును బిడ్డలను జేయి విడిచి పంపలేదు. మా యెదురింటి పెద్దమ్మ యేండ్ల తరబడి ప్రొద్దుటి యేడు గంటలకుఁ దన గుమ్మమున నన్నము కలిపి కుక్కలకుఁ బెట్టెడిది. బడికిఁ బోవు పిల్లలు ఆటోకై నిలుచు వేళయు నదియే. ఒకనాఁడు ప్రక్కయింటి కోడలు వచ్చి, కన్నీరు నిండఁగా, “పెద్దమ్మా, నీ పుణ్యం నా కొడుకు పానం మీదికి రావద్దు” అనెను. పెద్దమ్మ కూడఁ గంట నీరు పెట్టుకొని, “నేను పెట్టకుంటే అవి యాడికి పోతయి బిడ్డా? ఆకలితోటి ఇంకింత మీదవడ్తయి” అనెను.

ఇరువురి మాటయందును సత్యమున్నది. అందుచేతనే తగవు తీఱుట కష్టమైనది. పెద్దమ్మ ధర్మరాజు కథ నెత్తుకొనెను. కుక్కను విడిచి స్వర్గమునకైనను రానన్న యా మహానుభావుని కథ మన యందఱికిఁ దెలిసినదే. ఆ కోడలు, “ధర్మరాజు వెంట బడికి పోయే పిల్లలు లేరు గద!” యని బదులు చెప్పఁగా నంత దుఃఖమునను మాకు నవ్వు వచ్చెను.

భారతము కుక్కతో ముగియుటయే గాదు, మొదటను గుక్క కథ యున్నది. జనమేజయుని యజ్ఞశాలకు వచ్చిన సరమ కొడుకును రాజు తమ్ములు కొట్టిరి. అది హవిస్సును ముట్టలేదు, దానివంకఁ జూడనైనను జూడలేదు. సరమ వచ్చి న్యాయమడిగెను. నిరపరాధిని గొట్టిన పాపము రాజునైనను విడువదని దాని భావము. మన గృహస్థధర్మములలో భూతయజ్ఞమని యొకటి కలదు. కాకికి, కుక్కకుఁ గూడ నింత యన్నము తీసి నేలమీఁదఁ బెట్టవలెనన్నారు. ఆ పెట్టుటలోఁ గూడఁ బెద్దలు విధి నేర్పఱచిరి. దయ యొక్కటియే చాలదు, దానికొక క్రమము కావలెనని వారెఱుఁగుదురు.

ఆ క్రమమే నేఁటి చట్టమునందును గనఁబడినది. 2023 మార్చిలో వెలువడిన జంతు సంతాన నియంత్రణ నియమములను మా యమ్మాయి చదివి వినిపించెను. వీధికుక్కలకు అన్నము పెట్టుటకు నివాసులందఱును గలసి యొక చోటు నిర్ణయింపవలెననియు, అది పిల్ల లాడుచోటికిని, రాకపోకల ద్వారములకును, మెట్లకును దూరముగా నుండవలెననియు, పిల్లలును వృద్ధులును దిరుగని వేళను జూడవలెననియు, చోటు చెత్త కానీయరాదనియు నందున్నది. పెద్దమ్మయుఁ బ్రక్కయింటి కోడలును బ్రక్కప్రక్కనఁ గూర్చుండి వినిరి.

మఱునాఁడు మా వీధి యిల్లాండ్రము పదిమందిమి పెద్దమ్మ యరుగుమీఁదఁ గూర్చుంటిమి. వీధి చివరఁ బాఁత గోడ వెనుకనున్న ఖాళీ చోటు కుదిరినది. పిల్లలు బడికిఁ బోయిన పిదపఁ బదిగంటల కొకసారి, రాత్రి తొమ్మిదింటి కొకసారి వడ్డన. పావుగంట దాఁటినచో మిగిలినది తీసివేయవలెను. విస్తళ్లు పెట్టినవారే యెత్తవలెను. కోడిమాంసపు దుకాణదారు వ్యర్థములకు మూఁతగల డ్రమ్ము పెట్టుటకు మొదట నొప్పుకొనలేదు. ఆయన దుకాణమునకుఁ బోవుట మేము పదిదినములు మానుకొనఁగా నొప్పుకొనెను. టిఫిను బండి యిల్లాలు మిగిలిన ముక్కలను విసరక బక్కెటులో నుంచి పెద్దమ్మ కిచ్చుట కొప్పుకొనెను.

నెల దినములలోఁ గుక్కలు వేళ నెఱిఁగినవి. ప్రొద్దుట ఆటోకడ వాని గుంపు లేదు. నగరపాలక సంస్థవారు టీకాలకును సంతానము కలుగకుండఁ జేయు శస్త్రచికిత్సకును గుక్కలను గొనిపోవ వచ్చినప్పుడు, చేతికన్న మలవాటైన కుక్కలు పరుగెత్తక పెద్దమ్మ పిలుపునకే వచ్చినవి. చెవికొన కత్తిరించి పంపిన కుక్కను జూచినచో నా చికిత్స జరిగినదని గుఱుతు. అన్నము పెట్టుటవలనఁ గల నిజమైన ప్రయోజన మిదియని నాకప్పుడు తెలిసినది. చేతికి రాని కుక్కకు టీకా వేయుట కష్టము; టీకా లేని కుక్కలున్న వీధిలోఁ బిల్లలకు భద్రత లేదు.

2025 ఆగస్టు 22న సర్వోన్నత న్యాయస్థానము కూడ నట్టి యుత్తరువే యిచ్చెను. టీకాయుఁ జికిత్సయు నైన కుక్కలను, పిచ్చివియుఁ గ్రూరమైనవియుఁ దప్ప, తెచ్చిన చోటనే విడువుఁడనియు, వార్డువార్డునను వడ్డనకుఁ బ్రత్యేకమైన చోట్లు చూపి వీధులలో నెక్కడఁబడిన నక్కడఁ బెట్టుట మాన్పుఁడనియు నాజ్ఞాపించెను. అదే యేఁట నవంబరు 7న బడులు, ఆసుపత్రులు, బస్సు నిలయములు, రైల్వేస్టేషనులవంటి చోట్లనుండి తొలఁగించిన కుక్కలను మరల నచట విడువరాదనెను.

ఇంత చేసినను గాటు పడదని చెప్పలేము. కుక్క కఱచినను, గీరినను, గాయమును వెంటనే సబ్బుతోఁ, బాఱు నీటితోఁ బదునైదు నిమిషములు కడుగవలెను. పసుపు, సున్నము, కారము పెట్టరాదు. నాటు మందులు వలదు. ఆ దినముననే ఆసుపత్రికిఁ బోయి, వైద్యులు చెప్పిన దినములలోఁ దప్పక సూదులన్నియు వేయించుకొనవలెను. పిల్లలు తిట్టుదురని భయపడి గీఱును దాఁచుదురు; తిట్టమని ముందుగానే వారికి మాట యిచ్చియుంచుఁడు. 1885లో పాశ్చరు పండితుఁడు తొమ్మిదేండ్ల బాలునికిఁ దన టీకానిచ్చి కాపాడెను. అది మొదలు ఈ రోగమునకు అడ్డుకట్ట యున్నది. కాని రోగలక్షణములు కనఁబడిన పిదప బ్రతుకుట మిక్కిలి యరుదు.

అతిథిని బిలిచినప్పుడు మనము చోటు చూతుము, వేళ చూతుము, వడ్డింపవలసిన దేది, వడ్డింపరాని దేది యని యాలోచింతుము, భోజనానంతరము విస్తరి యెత్తుదుము. ఇంతకుమించిన విద్య కుక్కల విషయమునను అక్కఱలేదు. ఇది మగవారు సభలు చేసి తీర్చు పనియని యూరకుండఁబనిలేదు; మిగిలిన యన్నము మన చేతులలోనిది, బడికిఁ బోవు బిడ్డలు మన బిడ్డలు. మీ వీధియందును ఒక పెద్దమ్మ యుండును, భయపడు తల్లియు నుండును. వారిరువురిని ఒక్క యరుగుమీఁదఁ గూర్చుండఁబెట్టుఁడు. చోటును వేళయును వారే కుదుర్చుకొందురు.