పిలిస్తే పలకనివాడు

ప్రయాణానికి ముందురోజు రాత్రి, సగం సర్ది తెరిచి ఉంచిన సూట్‌కేసు దగ్గరికి వచ్చి చూద్దును కదా, ఇస్త్రీ చీరల మీద లడ్డూగారు ముడుచుకుని పవళించి ఉన్నారు. ముందుకాళ్ళ మధ్య మా నాన్నగారి ఉన్ని మఫ్లరు. "లేవరా" అన్నాను. కన్ను తెరవలేదు. "ఒరేయ్, లడ్డూ!" అని ఇల్లు అదిరేలా అరిచాను. ఊహూఁ. చివరికి మావారు వచ్చి రెండు చేతులా ఎత్తి దించితే, నిద్రాభంగం చేసిన పాపానికి నావంక నిష్ఠూరంగా చూసి, మఫ్లరు నోట కరచుకుని వెళ్ళిపోయాడు.

లడ్డూ మా కుక్క. పన్నెండేళ్ళవాడు. ఒంటి రంగు చూసి మా అబ్బాయి పెట్టిన పేరది. సియాటిల్ పక్కనున్న మా ఇంట్లో వాడు చేయని ఘనకార్యం లేదు. ఒక వినాయక చవితినాడు, నైవేద్యం పూర్తికాకముందే పళ్ళెంలోని కుడుములన్నీ స్వాహా చేసి, దేవుడి ఎదుటే బొజ్జ పైకి పెట్టి పడుకున్నాడు. కుక్కరు కూత వేస్తే చాలు, ఎక్కడున్నా వంటింట్లో ప్రత్యక్షమయ్యేవాడు. వాక్యూమ్ క్లీనరు మోగితే మంచం కిందికి దూరేవాడు.

ఏడాదిగా మాత్రం వాడి తీరు మారింది. పిలిస్తే రాడు. వీపు మనవైపు పెట్టి కూర్చుంటాడు. వాక్యూమ్ క్లీనరు పక్కనుంచి వెళ్ళినా కదలడు. భయం పోయిందని మెచ్చుకున్నాం. ఒకనాడు మా అబ్బాయి వెనకనుంచి వెళ్ళి వీపు నిమరబోతే ఉలిక్కిపడి గుర్రుమన్నాడు. ఆ నేరానికి వాణ్ణి గంటసేపు గరాజులో ఉంచి తలుపు వేశాను. వయసు వచ్చేకొద్దీ మొండితనం ముదిరిందని మా ఇంటిల్లిపాది ఏకాభిప్రాయం.

మేం వెళ్తున్నది అలాస్కాకు, ఏడు రోజుల ఓడ ప్రయాణం. మా ఓడలోకి పెంపుడు జంతువులను రానివ్వరు కనుక, రెండు వీధుల అవతల ఉండే స్నేహితురాలి ఇంట్లో లడ్డూని అప్పగించి బయల్దేరాం. రాజమండ్రి నుంచి వచ్చిన నాన్నగారి కోసమే ఈ యాత్ర. పాపికొండలకు లాంచీలో ఎన్నిసార్లు వెళ్ళారో లెక్కలేదు ఆయనకు. ఓడ ఎక్కిన మర్నాటి పొద్దున, ఇరువైపులా దేవదారు వృక్షాలతో నిండిన కొండల నడుమ నీళ్ళు సన్నబడుతుంటే, "అచ్చం పేరంటాలపల్లి దగ్గర గోదారిలా ఉందే అమ్మాయ్! కాకపోతే మన కొండల మీద మంచు ఉండదు" అన్నారు. ఆ పోలిక ఆయన మొహంలో తెచ్చిన వెలుగు చూసి, టికెట్ల ఖరీదు సంగతి నేను మరచిపోయాను.

ఓడ భోజనశాలలో మాత్రం చిన్న గొడవ జరిగింది. వడ్డించే అతను ఏదో అడిగాడు. నాన్నగారు చిరునవ్వు నవ్వి తల ఊపారు. తీరా పళ్ళెం వచ్చి చూస్తే సాల్మన్ చేప! జన్మలో చేప ముట్టని మనిషి, పళ్ళేన్ని పక్కకు జరిపి, రొట్టె వెన్న తిని లేచారు. "వాళ్ళు అడిగేది కాస్త శ్రద్ధగా వినాలి కదా నాన్నా" అని విసుక్కున్నాను. ఆయన ఏమీ అనలేదు.

అలాస్కా రాజధాని జూనోకు రోడ్డు దారి లేదు. ఓడలోనో విమానంలోనో చేరవలసిందే. మా ఓడ ఆ రేవుకు చేరి సెల్‌ఫోనుకు సిగ్నల్ అందిందో లేదో, స్నేహితురాలి ఫోను.

"అక్కా, కంగారుపడకు. లడ్డూ క్షేమమే. పొద్దున చెత్తడబ్బా బయట పెట్టడానికి తలుపు తీస్తే సందులోంచి జారుకున్నాడు. వెనకాలే అరుస్తూ పరుగెత్తాను. ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదక్కా! నడిరోడ్డు మీద కారు ఆగి హారన్ మీద హారన్ కొడుతుంటే, తనను కాదన్నట్టు నింపాదిగా దాటాడు. నేను వెళ్ళేసరికి మీ ఇంటి గుమ్మం ముందు కూర్చుని ఉన్నాడు."

బతికాడన్న ఊరట కన్నా, పరువు తీశాడన్న కోపమే నాకు ముందు వచ్చింది. "తిరిగి వెళ్ళాక వాడి పని చెబుతాను" అని ఫోను పెట్టేశాను. రేవు నుంచి పన్నెండు మైళ్ళ దూరంలో ఉన్న మెండెన్‌హాల్ హిమానదికి బస్సులో వెళ్తున్నంతసేపూ అదే గొణుగుడు. ఆ హిమానది పొడవు పదమూడు మైళ్ళు. దాన్ని చూడడానికి వచ్చేవారి కోసం అక్కడి భవనాన్ని 1962లో తెరిచారు. అప్పటికీ ఇప్పటికీ మంచు ఎంత వెనక్కి జరిగిపోయిందో పాత ఫోటోలలో చూపిస్తారు. పక్కనే 377 అడుగుల నగెట్ జలపాతం హోరుమంటోంది. నీటి తుంపర మొహాన పడగానే నా కోపం కొంత చల్లారింది.

సాయంత్రం ఓడ ఎక్కబోతూ రేవులో ఒక కంచు విగ్రహం దగ్గర ఆగాం. కుక్క విగ్రహం. వచ్చే ఓడల కోసం ఎదురుచూస్తున్నట్టు నీళ్ళవైపు చూస్తూ కూర్చుని ఉంది. పేరు ప్యాట్సీ ఆన్. 1929లో పోర్ట్‌లాండ్‌లో పుట్టిన తెల్లని బుల్ టెర్రియర్. పిల్లగా ఉండగానే జూనో చేరింది. ఒక ఇంట ఇమడక రేవే ఇల్లు చేసుకుంది. రాత్రిళ్ళు రేవు కూలీల భవనంలో పడక. ఏ ఓడ వస్తున్నా, అది కనబడకముందే పరుగున వెళ్ళి రేవులో నిలబడేది. 1934లో నగర మేయరు దానికి జూనో అధికార స్వాగతకర్త అని బిరుదు ఇచ్చాడు. ఆ ఏడే కుక్కలకు లైసెన్సు ఉండాలన్న నిబంధన వస్తే పాపం దొరికిపోయింది. అభిమానులు డబ్బు కట్టి, మెడకు ఎర్రని పట్టీ కొనిపెట్టారు. ఆ పట్టీని అది ఎన్నాళ్ళో ఉంచుకోలేదు. 1942లో కన్నుమూస్తే చిన్న శవపేటికలో ఉంచి, ఆ రేవు నీళ్ళలోకే దింపారు. ఈ విగ్రహం 1992 నాటిది. దీని కంచులో లోకంలోని అనేక కుక్కల వెంట్రుకలు కూడా కలిపారట.

ఇదంతా నాన్నగారికి తెలుగులో చెబుతూ ఒక మాట దగ్గర నా గొంతు ఆగిపోయింది. ప్యాట్సీ ఆన్ పుట్టుచెవిటిది. ఓడ కూత దానికి వినబడే అవకాశమే లేదు. మరి ఎలా తెలిసేదో, తెలిసేది.

వినబడదు.

కదలని కుక్కరు కూత. భయం లేని వాక్యూమ్ క్లీనరు. వెనకనుంచి చెయ్యి పడితే ఉలికిపాటు. నడిరోడ్డు మీద హారన్. ఏడాదిగా నా కళ్ళెదుటే ఉన్నవన్నీ ఒక్కసారి వరస కట్టి నిలబడ్డాయి. గరాజు తలుపు అవతల గంటసేపు కూర్చున్నవాడికి, తాను చేసిన తప్పేమిటో తెలిసి ఉండదు.

"ఆగిపోయావేం? కాస్త గట్టిగా చెప్పమ్మా. గాలి హోరు" అన్నారు నాన్నగారు.

ఆ సాయంత్రం రేవులో ఆకు కదలడం లేదు.

మర్నాడు గ్లేసియర్ బే. 1794లో వాంకూవర్ నౌకాదళం ఇటు వచ్చినప్పుడు ఈ అఖాతమంతా దాదాపు మంచుగడ్డే. 1879లో జాన్ మ్యూర్ వచ్చేనాటికి మంచు నలభై మైళ్ళకు పైగా వెనక్కి తగ్గి నీరు పరుచుకుంది. మా ఓడ మార్జరీ హిమానది ఎదుట ఆగింది. మైలు వెడల్పున నీలిగోడ. దానినుంచి మేడంత ముక్క విరిగి నీళ్ళలో పడింది. ముందు కంటికి కనబడుతుంది, ఉరుము తరవాత చెవిని చేరుతుంది. ఇక్కడి ఆదివాసులు ట్లింగిట్లు దీన్ని తెల్ల ఉరుము అంటారు. అందరూ ఆ శబ్దానికి కేకలు వేశారు. నాన్నగారు మాత్రం నా మొహంవైపు చూసి, ఆ తరవాత నవ్వారు.

మ్యూర్ 1880లో మళ్ళీ వచ్చినప్పుడు, ఈ ప్రాంతానికి పడమటనున్న హిమానది మీదికి తుఫానులో స్టికీన్ అనే బుజ్జికుక్క వెంటపడింది. వెనక్కి పొమ్మంటే వినలేదు. తిరుగుదారిలో లోతైన పగులు, దాని మీద సన్నని మంచువంతెన. ఆయన మెట్లు తొలుచుకుంటూ దాటాడు. అటునున్న కుక్క ఏడుస్తుంటే, ఇటునుంచి మాటలతో ధైర్యం చెప్పాడు. చివరికి అదీ దాటింది. ఎప్పుడో చదివిన ఆ కథ అక్కడ గుర్తొచ్చింది. నా మాట ఇక లడ్డూని చేరదు కదా అన్న ఆలోచన వెంటే వచ్చింది. ఓడ పైఅంతస్తులో చాలాసేపు ఒంటరిగా నిలబడ్డాను.

ఇల్లు చేరాక పశువైద్యురాలు పరీక్షించి, వయసుతో వచ్చిన చెవుడని తేల్చింది. వైద్యం లేదంది. చేతి సైగలు నేర్పమంది. దగ్గరికి వెళ్ళేటప్పుడు ఎదురుగా వెళ్ళమంది. బయట గొలుసు విప్పవద్దంది. ముసలికుక్క ఏం నేర్చుకుంటుందని నాకు సందేహం. వారంలో మూడు సైగలు నేర్చాడు. దూరాన ఉంటే నాన్నగారు చెక్కనేల మీద కాలితో రెండుసార్లు తడతారు. అదురు తెలిసి తల ఎత్తుతాడు.

నాన్నగారికీ చెవుల పరీక్ష చేయించాం. ఎన్నాళ్ళుగా వినబడడం లేదని డాక్టరు అడిగితే, "మూడేళ్ళు" అన్నారు తడుముకోకుండా. మరి చెప్పరేం నాన్నా అన్నాను. "మీరు పరధ్యానం అంటున్నారు కదా, అదే నయమనిపించింది" అన్నారు.

ఇప్పుడు ఆయన చెవిలో వినికిడి యంత్రం ఉంది. కుక్కరు ఎన్ని కూతలు వేసిందో హాల్లోంచి లెక్క చెబుతున్నారు. మఫ్లరు మాత్రం లడ్డూ ఇంకా తిరిగి ఇవ్వలేదు.