ఉప్పెన కర్థమున్నదా?

దైవమును నమ్మనివానికి జీవితమున పరమార్థమేమి మిగులునను ప్రశ్న, ఈ నెదర్లాండ్సు దేశమున మన తెలుగువారు ఉగాదికో సంక్రాంతికో యొకచోట గూడినపుడు, పులిహోర గిన్నెలు అడుగంటి, పిల్లలు తల్లుల యొడిలో జోగుచుండు వేళ, ఎవరో యొకరి నోట తప్పక వెలువడుచుండును. అడుగువారు నన్ను నొప్పింపవలెనని యడుగరు. నిజమైన జాలితోనే యడుగుదురు. ఐరోపాకు వచ్చి యీ యవిశ్వాసమును అంటించుకొంటినని వారి యూహ. కృష్ణాజిల్లావాని కందులకై సముద్రములు దాటవలసిన పని లేదు: వృక్షశాస్త్రము బోధించిన గోరా గారు 1940లోనే ముదునూరున నాస్తిక కేంద్రమును నెలకొల్పి, 1947లో దానిని బెజవాడ పటమటకు మార్చిరి. వాదములయందు నాకు రుచి తక్కువ గనుక, అడిగినవారితో, రాటర్‌డామునకు నైరుతిదిక్కున నున్న ఔవర్‌కెర్క్ అను పల్లెకు ఒకమారు పోయి రండని మాత్రము చెప్పుచుందును.

ఆ పల్లె జేలండ్ మండలములోనిది. 1953 ఫిబ్రవరి 1వ తేదీన, ఇంకను తెల్లవారకముందే, వాయవ్యమునుండి వీచిన పెనుగాలి పున్నమి పోటుతో జతగూడి ఉత్తరసముద్రమును కరకట్టలమీదికి నెట్టగా, కట్టలు అనేకచోట్ల తెగి, ఈ దేశమున 1836 మంది మృతినొందిరి. నాటి గండ్లలో అన్నిటికంటె చివర పూడినది ఔవర్‌కెర్క్ గండి. దానిని మూయుటకు నవంబరు మాసము రావలసివచ్చెను. మూసినవి నాలుగు బ్రహ్మాండమైన కాంక్రీటు పేటికలు. 1944లో మిత్రసైన్యములు నార్మండీ తీరమున దిగినపుడు అచ్చట కృత్రిమమైన రేవులను నిర్మించుటకై కల్పించిన జాతివి యవి; యుద్ధము ముగిసిన పిదప అక్కరదీరి మిగిలిపోయి, ఆపైని సముద్రమునకు అడ్డుపెట్టబడి, 2001 నుండి వరద జ్ఞాపకముల ప్రదర్శనశాలయై యున్నవి. ఘటమునకు కులాలుడున్నట్లు జగత్తునకును కర్త యుండవలెననియు, ఆ కర్త సంకల్పించినదే మన పుట్టుకకు ప్రయోజనమనియు వాదించువారు ఈ పేటికలచుట్టును ఒక ప్రదక్షిణము చేయవలెను. వీనికి కర్త లేకపోలేదు, ఆ కర్తకు సంకల్పమును లేకపోలేదు. ఐనను ఆ సంకల్పము యుద్ధముతోడనే చెల్లిపోగా, తరువాతి ప్రయోజనములను అవసరమున బడినవారు కల్పించిరి. మన పూర్వమీమాంసకులు సృష్టికర్త నంగీకరింపకయే కర్తవ్యమును తలపై బెట్టుకొన్నారు గదా! వారికి వేదము ప్రమాణమైయుండెను, నాకు కాదు; కాని కర్తలేకయు కర్తవ్యము నిలుచునను మాట మన దేశమునకు క్రొత్తదికాదని చెప్పుటకు వారు చాలుదురు.

పేటికలలో నొకదానియందు మృతుల నామములు కానవచ్చును. మొత్తము 1836 అని చెప్పక, 1835, ఇంకొకటి, అని లెక్కించిరి. ఆ యొకటి, వరదరాత్రియే పుట్టి, వరదలోనే పోయి, ఏ లెక్కలకును ఎక్కని శిశువు. ఆ బిడ్డ బ్రతుకునకు పరమార్థమేమి? తల్లిదండ్రుల పరీక్షకై పంపబడెనందురా? పూర్వజన్మమున చేసినది అనుభవించి పోయెనందురా? ఏ మతగ్రంథము దీనికి జవాబు చెప్పినను, ఆ జవాబు నాకు ప్రశ్నకంటె క్రూరముగా దోచును.

ఇంతగా నొచ్చుకొనుటకు కారణము వేఱే కలదు. నేను దివిసీమవాడను. అచ్చట ఉప్పెన వచ్చిన 1977 నవంబరు 19 నాటికి నేను బాలుడను. మా యూరు సముద్రమునకు కొంత యెడముగా నుండుటచేత మేము మిగిలితిమి. సొర్లగొంది, పాలకాయతిప్పల వైపు నిలువెత్తునకు మించిన నీరు వచ్చిపోయిన పిమ్మట, అధికారుల లెక్కలోనే మృతులు పదివేలకు చేరువైరి. జనుల లెక్క యంతకంటె పెద్దది. శవములను పూడ్చుటకు మనుష్యులు చాలని ఆ దినములలో, మా నాయనమ్మ అరుగుమీద కూర్చుండి, "వాళ్ళకి నూకలు చెల్లినయ్యిరా నాయనా, మనకి చెల్లలా" అనుచుండెను. ఆమె దుష్టురాలు కాదు. ఇంటనున్న ధాన్యమునంతయు దంపించి గంజి కాచి పంచినది ఆమెయే. కాని నూకలు చెల్లినవారందఱును పూరిపాకలవారే యగుట, డాబామీది కెక్కినవారికి చాలవఱకు చెల్లకపోవుట, ఆ వయస్సులోనే నాకు వింతగా దోచినది. కర్మమునకు తాటియాకునకును ఇటుకకును గల భేదము బాగుగా తెలిసినట్లున్నది!

జేలండ్ పల్లెలలోను ఇట్లే జరిగినది. అచ్చటి నిష్ఠాపరులైన కాల్వినిస్టులలో ననేకులు వరదను దేవుని శిక్షయని తలంచిరి. (ఆ దేవునినే నమ్మిన యూర్క్ జాలరులు పడవలు వేసికొని వచ్చి పరులను గాచిరనియు చెప్పకున్న నాది పక్షపాతమగును.) మఱి యోహాన్ వాన్ వేన్ అను ఇంజినీరు, కట్టలు పల్లముగా నున్నవని అంతకు ఏండ్లముందు నుండియు హెచ్చరించుచునే యుండెను. వరద వచ్చిన నెల తిరుగకముందే ప్రభుత్వము డెల్టా సంఘమును నియమించినది. ఆ సంఘము పాపపుణ్యముల జోలికి పోలేదు. ఏ యెత్తు నీరు ఎన్ని యేండ్ల కొకమారు రాగలదని గణించి, హాలండ్ నడిభాగమున పదివేల యేండ్ల కొకమారును, జేలండ్‌లో నాలుగువేల యేండ్ల కొకమారును రాదగిన పోటును తట్టుకొనునట్లు కట్టలు వేయవలెనని నిర్ణయించినది. మా తీరమునను ఆలస్యముగానైనను తుపాను షెల్టర్లు లేచినవి. 1990 మే మాసమున మహాబలమైన తుపాను మరల ఆ ప్రాంతముననే తీరము దాటినపుడు, లక్షలమందిని ముందుగనే తరలించుటచేత, చనిపోయినవారు వేయికి లోబడిరి. పదమూడేండ్లలో జనుల కర్మము మాఱలేదు. హెచ్చరిక చేరుట మాఱినది, లారీలు వచ్చుట మాఱినది.

నాకు దోచినది ఇంతయే: ఉప్పెన కర్థముగలదని నిజముగా నమ్మినవాడు కరకట్ట కట్టరాదు, కట్టినచో ఆ యర్థమునకు అడ్డుతగిలినవా డగును. ఈ తర్కమును కడముట్ట నడపినవారును ఈ దేశమున లేకపోలేదు. వ్యాధి దైవేచ్ఛయని టీకాలు మానిన కొన్ని క్రైస్తవ సమాజములలో 1992లో పోలియో మరల చెలరేగినది. తక్కిన విశ్వాసులందఱును, మా నాయనమ్మతో సహా, నోట కర్మమనుచు చేత గంజి కాచుదురు. చేత చేయుదానిని జూచియే నేను వారిని మతిమంతు లందును. ఆ మరణముల కర్థమే లేదని యొప్పుకొన్ననాడు గాని వానిపై పూర్తిగా కోపము రాదు. కోపము రానిదే కట్ట లేవదు. ఇక జీవితమునకు ప్రయోజనమేమందురా, ప్రయోజనమనునది కరకట్టకు గలదు, పారకు గలదు, గంజికుండకు గలదు. వీనినన్నిటిని కోరినట్టి ప్రాణి, తానును దేనికో పనిముట్టైననే గాని బ్రతుకరాదని యేల దిగులుపడవలెనో నాకు తెలియదు.

ఐతే ఈ పక్షమున నొక పేదఱికము గలదు, దానిని దాచను. నూకలు చెల్లినవను మాటతో మా నాయనమ్మ ఆ రాత్రులు నిద్రపోగలిగినది; బిడ్డను నీటికిచ్చిన తల్లికి అట్టి మాట యొక్కటియు నా వద్ద లేదు. కట్ట ఎత్తు పెంచుదుమని యామెతో నేమని చెప్పుట? ప్రక్కన గూర్చుండుటయే చేయగలిగినది.

ఈ దేశపు ప్రాచీన కరకట్ట ధర్మములో నొక కఠిన నియమముండెడిది. తన వంతు కట్టను బాగుచేయజాలని రైతు తన పారను కట్టలో గ్రుచ్చి ఊరు విడువవలెను. ఆ పారను పెఱికినవాడు వాని భూమిని, దానితో కూడ కట్ట భారమును స్వీకరించును. నేడు పారకు బదులు పన్ను. పదమూడవ శతాబ్దినుండియు వచ్చుచున్న జలమండలులు ఏటేట ఇంటింటికి చీటి పంపును. నాలుగేండ్ల కొకమారు ఎన్నికయు జరుపును, పౌరసత్వము లేని నావంటి నివాసికిని అందు ఓటు గలదు. పదివేల యేండ్ల పోటునకై నేను చెల్లించు సొమ్ము ఎవరిని కాపాడునో నేను చూడబోను. మా మిత్రులు పరమార్థమును గూర్చి తర్కించుచుండగా, నేను ఆ యెన్నిక కరపత్రములు చదువుచుందును. అందలి ముఖ్యవివాదము మస్క్‌రాట్ అను నీటియెలుకను గూర్చినది. అది మా యూరి పందికొక్కువలె కట్టలలో బొరియలు చేయును. మండలి జీతమిచ్చి వేటగాండ్రను పెట్టి దానిని పట్టించును; జంతుప్రేమికులు, ఎలుకను చంపక కట్ట వాలులను గట్టిపఱుపుడందురు. రెండు పక్షములలోను న్యాయమున్నట్లే యున్నది. ఖర్చు లెక్కలు చూచిన గాని ఓటెవరికో చెప్పలేను.