ప్రార్థన కొండ నుండి గుండ్లకమ్మ వరకు



ప్రతి జనవరి 1వ తేదీన మన సంఘములలో వాగ్దాన కార్డులు తీసుకుంటాము గదా. ఇంట్లో చిన్నబిడ్డచేత కార్డు తీయించి, అందులోని మాటను గోడకు అంటించుకుంటాము. 2021లో మా సంఘములోని ఒక కౌలు రైతు కుటుంబానికి 126వ కీర్తనలో విత్తువారిని గురించిన మాట వచ్చింది. మేము సంతోషము పట్టలేక, "అన్నా, ఈ యేడు నీ మిరప పండుతుంది, నీ అప్పు తీరుతుంది. ఇది దేవుని మాట" అని చెప్పి ప్రార్థన చేశాము.

ఆ యేడాది చివర మిరప తోటలకు నల్ల తామర పురుగు పట్టిన సంగతి మన రైతులు మరచిపోలేదు. మందు మీద మందు కొట్టినా పూత నిలువలేదు. ఆ అన్న కూడా తోట దున్నేశాడు. క్రిస్మస్ ఆరాధనకు రాలేదు. మేము ఇంటికి వెళితే ఆయన గోడమీది కార్డు చూపించి, "అయ్యగారూ, దేవుడు మాట తప్పాడా, నేనేమైనా తప్పు చేశానా?" అని అడిగాడు. మా నోట జవాబు రాలేదు. ఆ మాట చాలా రాత్రులు మమ్మును నిద్రపోనియ్యలేదు.

2022 ఫిబ్రవరిలో మాకు ఒంగోలులో పని పడింది. "తోడుగా రా అన్నా" అని ఆయనను కూడా బయలుదేరదీశాము. రాత్రి అక్కడ ఉండి, తెల్లవారకముందే ఇద్దరము ప్రార్థన కొండ ఎక్కాము. కింద ఊరిలో దీపాలు ఇంకా ఆరలేదు. చల్లగాలి వీస్తున్నది. ఒక రాతి మీద కూర్చుండి, ఆ కొండ సంగతి ఆయనకు చెప్పాము.

అమెరికా బాప్టిస్టు మిషనెరీలు 1836లో తెలుగువారి మధ్యకు వచ్చారు. ఏండ్లు గడిచినా ఫలము బహు కొద్దిగా కనబడింది. ఈ మిషనును మూసివేయుదుమా అని 1853లో అమెరికాలోని పెద్దలు ఆలోచన చేశారు. ఆలాంటి దినములలో, 1854 జనవరి 1వ తేదీన, సూర్యోదయానికి ముందు ఐదుగురు ఈ కొండ ఎక్కారు. నెల్లూరులో పరిచర్య చేయుచున్న లైమన్ జ్యూయెట్ దొరగారు, ఆయన భార్య, వారితో ముగ్గురు తెలుగు విశ్వాసులు. ఒకరి తరువాత ఒకరు మోకరించి, ఒంగోలుకు ఒక సేవకుని పంపుమని దేవుని అడిగారు.

"వెంటనే వచ్చాడా అయ్యగారూ?" అని అడిగాడు అన్న.

రాలేదు. ఒక యేడు గడిచింది, ఐదేండ్లు గడిచాయి, పదేండ్లు గడిచాయి. జ్యూయెట్ దొరగారు జబ్బుపడి అమెరికా వెళ్లినప్పుడు, మిషను మూసివేయాలన్న మాట మరల లేచింది. ఎవరూ రాకపోతే నేనొక్కడినే తిరిగి వెళతానని ఆయన పట్టుపట్టారు. 1865లో తిరిగి వచ్చినప్పుడు ఆయనతో జాన్ ఎవరెట్ క్లౌ అనే యౌవనస్థుడు వచ్చాడు. 1866లో క్లౌ దొరగారు ఒంగోలులో కాపురము పెట్టారు. కొండమీద ప్రార్థనకు అప్పటికి పన్నెండేండ్లు దాటాయి. 1867 జనవరి 1న ఒంగోలు సంఘము ఏర్పడినప్పుడు సభ్యులు ఎనిమిదిమంది మాత్రమే.

ఎండ ఎక్కకముందే కొండ దిగి, బస్సెక్కి వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఒడ్డుకు వెళ్లాము. అది ఒంగోలుకు ఉత్తరముగా పది మైళ్లు ఉంటుంది. అన్న నీళ్లలో దిగి ముఖము కడుక్కున్నాడు. అక్కడ మిగిలిన కథ చెప్పాము.

యెర్రగుంట్ల పేరయ్యగారి వంటి బోధకులు ఊరూరా నడిచి సువార్త చెప్పారు. సంఘము పెరుగుచుండగా 1876లో వానలు తప్పి గొప్ప కరవు వచ్చింది. 1878 వరకు మద్రాసు రాజధానిలో లక్షలాదిమంది చనిపోయారు. క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ పనిలో మూడున్నర మైళ్లు గుత్తకు తీసుకొని, ఆకలిగొన్నవారికి పని ఇచ్చి కూలి ఇప్పించారు. ఆ కాలములో బాప్తిస్మము ఇమ్మని వేలమంది అడిగారు. ఆయన ఇవ్వలేదు. కూటి కొరకు ప్రభువును ఒప్పుకొన్నారనే మాట రాకూడదని ఆయన ఉద్దేశము. సహాయ పనులు ముగిశాక కూడా ప్రజలు వచ్చారు. అప్పుడు, 1878 జూలై 3న, ఈ గుండ్లకమ్మ నీళ్లలో ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా దిగి, ఒక్క దినమే 2,222 మందికి బాప్తిస్మమిచ్చారు.

ఇంత చెప్పి, ఇక అన్న "ఆమేన్" అంటాడనుకున్నాము. ఆయన చాలాసేపు నీళ్లవైపు చూచి, "మరి ఆ కరవులో చచ్చిపోయినవాళ్లకు వాగ్దానము లేదా అయ్యగారూ?" అన్నాడు.

ప్రియులారా, ఆ ప్రశ్నకు తేలిక జవాబు చెప్పడానికి మాకు ధైర్యము చాలలేదు. అబ్రాహాము మొదలైనవారు వాగ్దాన ఫలమును చేతితో అందుకొనకయే, దూరమునుండి చూచి నమ్మి చనిపోయారని హెబ్రీ పత్రిక 11వ అధ్యాయము చెబుతున్నది. వారిని దేవుడు విడిచిపెట్టలేదు. దేవుని వాగ్దానము ఈ లోకముతో అయిపోయేది కాదు. ఆయనకు ఇంతే చెప్పాము. తరువాత అసలు చెప్పవలసిన మాట చెప్పాము: "అన్నా, దేవుడు మాట తప్పలేదు. నీవు తప్పు చేయలేదు. మేమే తప్పు చేశాము. ఈ యేడే అని ఆ కీర్తనలో లేదు. అప్పు సంగతీ లేదు. దేవుడు వేయని తేదీని మేము వేశాము. మమ్మును క్షమించు."

అన్న కండ్లు తుడుచుకొని, "ఏడుస్తూ విత్తనాలు మోసుకుపోయేవాడి సంగతేగా అందులో ఉంది. ఏడవడం ముందే రాసి ఉందన్నమాట" అన్నాడు. ఇరవై యేండ్లు ప్రసంగాలు చేసినా ఆ కీర్తనలో మాకు కనబడనిది ఆ రైతుకు కనబడింది.

ఆ అన్న అప్పు ఇంకా పూర్తిగా తీరలేదు. కాని మరుసటి ఆదివారము ఆరాధనకు వచ్చాడు, కార్డును గోడమీదనుండి తీయలేదు. మేము మాత్రము ఒక పద్ధతి మార్చుకున్నాము. ఇప్పుడు కార్డు ఇచ్చేముందు ఆ మాట ఉన్న అధ్యాయమంతా ఆ కుటుంబముతో కలిసి చదువుతాము. దేవుడు ఏమి చెప్పాడో, ఏమి చెప్పలేదో చూపిస్తాము.

మీ ఇంటి గోడమీద కూడా ఒక వాగ్దానము ఉండవచ్చును. అది ఇంకా నెరవేరలేదని కార్డు చింపవద్దు. మిమ్మును మీరు నిందించుకొనవద్దు. కొండమీద మోకరించినవారు పన్నెండేండ్లు కనిపెట్టారు. తేదీ మన చేతిలో లేదు. మాట ఇచ్చినవాడు మాత్రము నమ్మదగినవాడు. కన్నీళ్లతోనైనా విత్తనము వేయుదము. ప్రభువు మీ కుటుంబములకు ఆలాంటి విశ్వాసము దయచేయునుగాక. ఆమేన్.