అతుకుల బొంత

ఒక రచనకు గాని, ఒక ఒప్పందానికి గాని, ఒక ప్రభుత్వానికి గాని పొందిక కొరవడిందని చెప్పదలచినప్పుడు తెలుగులో 'అతుకుల బొంత' అనడం పరిపాటి. ఆ మాటను తేలికగా వాడేవారిలో చాలమంది ఏదో ఒక వయసులో బొంతమీద పడుకొని నిద్రించినవారే. బొంతకు అతుకులున్న మాట నిజం. పొందిక లేదన్న మాట మాత్రం నిజం కాదు. తాత పంచె, అమ్మమ్మ చీర, పొట్టిదైపోయిన పిల్లవాడి చొక్కా, ఇవన్నీ వేర్వేరు నేతలు, వేర్వేరు వయసులు. అయినా ఒకే దారానికి లోబడి ఏళ్ళ తరబడి విడిపోకుండ ఉంటాయి. పొందిక అంటే ఇంతకు మించి వేరే ఏముంది? నిందగా స్థిరపడిన ఈ మాట వెనుక తరతరాల స్త్రీల శ్రమ మరుగునపడి ఉన్నది.

పాతబట్టను పారవేయకుండ మరొక వస్త్రంగా మలచుకొనే అలవాటు ఈ దేశంలో ఎంత ప్రాచీనమో చెప్పడానికి 'కంథ' అనే సంస్కృత పదమే సాక్ష్యం. పేలికలు కలిపి కుట్టిన బొంత అని దాని అర్థం. భజగోవింద స్తోత్రంలోని యోగి వీధిలో దొరికిన పేలికలతో కుట్టిన కంథను ధరిస్తాడు. బౌద్ధ సంప్రదాయంలో దీనికి మరింత గౌరవం లభించింది. దుమ్ములోను, శ్మశానంలోను పడి ఉన్న గుడ్డలను ఏరి, ఉతికి, కుట్టి భిక్షువులు చీవరాలుగా ధరించేవారు. అట్టి వస్త్రానికి పాలి భాషలో 'పంసుకూల'మని పేరు. మగధలోని వరిమడులను, వాటి నడుమ సాగిన గట్లను చూపి, అదే తీరున ముక్కలు కలిపి చీవరం రూపొందించవలసినదిగా బుద్ధుడు ఆనందునికి సూచించినట్లు వినయపిటకం చెబుతున్నది. కోసి కుట్టిన బట్టకు వెల తగ్గుతుంది. దానిపై ఇతరులకు ఆశ కలగదు. ఆ విధంగా సన్యాసికి అతుకు వైరాగ్యచిహ్నమైనది. గృహిణికి అదే అతుకు అవసరం. వైరాగ్యంమీద శ్లోకాలు పుట్టాయి, అవసరంమీద పుట్టలేదు.

తెలుగు పల్లెలలో బొంత కుట్టడం వేసవి పని. కోతలు ముగిసి, పొలంపని తగ్గి, ఎండ గట్టిగా కాసే రోజులలో ఇల్లాలు అటకమీద మూటగట్టి దాచిన పాతబట్టలను కిందికి దింపుతుంది. మొదటి పని ఎంపిక. నూలు చీరలు, పంచెలు అన్నింటికంటె మేలైనవి. చీర అంతా ఒకేసారి పాతబడదు. ఒంటికి ఒరుసుకొనే భాగం ముందుగా పలచబడుతుంది. అంచులు, కొంగు గట్టిగా నిలుస్తాయి. అందువల్ల జీర్ణమైన భాగాలు లోపలి పొరలకు, గట్టి భాగాలు పైపొరలకు కేటాయింపబడతాయి. చీర అంచును విడిగా చింపి బొంత చుట్టూ అంచుగా తిప్పుతారు. రవికలు, లంగాలు, చొక్కాల ముక్కలు పొరల నడుమ పలుచని చోట్లను పూడ్చడానికి పనికివస్తాయి. చొక్కాల బొత్తాములు సైతం విప్పి డబ్బాలో దాచేవారు.

ఎంచిన బట్టలను ఉతికి, బాగా ఎండబెట్టి, అలికిన నేలమీద గాని, అరుగుమీద గాని పరుస్తారు. అడుగుపొరను నలువైపులా లాగి, మూలలకు రాళ్ళు బరువు పెట్టి, దానిమీద ఒక్కొక్క పొరను ముడతలు లేకుండ సవరిస్తారు. కప్పుకొనే బొంతకు నాలుగైదు పొరలు చాలు; పరుపుగా వేసుకొనేదానికి ఇంకా ఎక్కువ కావాలి. పొరలు జరగకుండ ముందు దూరదూరంగా పెద్ద పోగులు వేస్తారు. ఆ తరువాత అసలు కుట్టు మొదలవుతుంది. సూది పైకి, కిందికి పోతూ ఒక అంచునుండి మరొక అంచుకు సాగే సాదా కుట్టు అది. మందం మరీ ఎక్కువైనచోట సూది చాలదు, దబ్బనం కావలసివస్తుంది. ఇద్దరు స్త్రీలు ఎదురెదురుగా కూర్చొని కుడుతుంటే ఒకరి వరుస మరొకరికి కొలత అవుతుంది.

ఈ కుట్టు చూడడానికి అమాయకంగా ఉన్నా చేసే పని చాల ఉన్నది. చిరుగుకు సిద్ధంగా ఉన్న బట్టను దగ్గర దగ్గరగా కుట్టినందున, లాగుడు ఒకచోట పడక అంతటా పంచుకోబడుతుంది. ఒంటరిగా ఒక నెల కూడ నిలువలేని చీర, మరి నాలుగింటితో కలిసినందున పదేళ్ళు నిలుస్తుంది. ఉతికినకొద్దీ దారం బిగిసి, కుట్ల నడుమ బట్ట చిన్న చిన్న అలలుగా పొంగుతుంది. ఆ అలలలోను, పొరల నడుమను నిలిచిన గాలి చలిని ఆపుతుంది. దూది లేని బొంత వెచ్చగా ఉండడానికి కారణం ఇదే. అలంకారమని చూసేవారు భావించే సమాంతరరేఖలు నిజానికి బొంతకు ఎముకలవంటివి.

ఇంటివారికి తీరిక లేకపోతే ఊరూరా తిరిగి బొంతలు కుట్టిపెట్టే స్త్రీలను పిలిచేవారు. చెట్టునీడన గాని, పందిరికింద గాని కూర్చొని, ధాన్యమో డబ్బో కూలిగా తీసుకొని వారు ఆ పని ముగించేవారు. బట్ట ఇంటివారిది, చెయ్యి వారిది. వారు కుట్టిన బొంతలమీద ఊరంతా నిద్రపోయింది. వారి పేర్లు మాత్రం ఎక్కడా నమోదు కాలేదు.

బిడ్డ పుట్టగానే మొదట తగిలే బట్ట కొత్తది కాదు, పాతదే. పొత్తిళ్ళకు ఎన్నోమార్లు ఉతికి మెత్తబడిన నూలు చీర ముక్కలనే వాడడం తెలుగు ఇళ్ళలో ఆచారం. కొత్తబట్టలోని గంజి, బిరుసుదనం పసికందు చర్మానికి ఒరిపిడి కలిగిస్తాయి. పాతచీర చెమటను, తడిని పీల్చుకొంటుంది. ఇందులో ఉపయోగంతోపాటు మరొక భావం కూడ ఉన్నది. తల్లి ఒంటిమీది చీర, అమ్మమ్మ ఒంటిమీది చీర బిడ్డను చుట్టుకోవడం ఒక విధమైన ఆశీస్సు. మరణించినవారి బట్టల విషయంలో ఆచారాలు ఇంటింటికీ వేరు. కొందరు దానం చేస్తారు. కొందరు ఒక చీరనో, పంచెనో ఉంచుకొంటారు. అట్లా ఉంచుకొన్నది చాలసార్లు బొంతలోకి చేరుతుంది. కట్టుకోవడానికి మనసు రాని బట్టను కప్పుకోవడానికి మనసు వస్తుంది.

ఈ అవసరం తెలుగునాటికి పరిమితమైనది కాదు. మహారాష్ట్రలో గోధడి, ఉత్తర కర్ణాటకలో కౌది, సింధు, రాజస్థాన్, గుజరాత్ ప్రాంతాలలో రల్లి అనే పేర్లతో ఇదే విద్య కనిపిస్తుంది. వంగదేశంలో కంథ అనే సంస్కృత నామమే నిలిచింది. అక్కడి స్త్రీలు పాతచీరల అంచులనుండి రంగుపోగులు లాగి, వాటితోనే తెల్లని చీర పొరలమీద పద్మాలను, జీవవృక్షాలను, రథాలను, ఏనుగులను చిత్రించారు. కప్పుకోవడానికి ఒక రకం, గ్రంథాలు చుట్టడానికి ఒక రకం, అద్దం, దువ్వెన దాచడానికి మరొక రకం కుట్టేవారు. జానపద కళల పరిరక్షణకు జీవితం అర్పించిన గురుసదయ్ దత్ (1882-1941) సేకరించిన కంథలు కోల్‌కతా శివారు జోకాలో ఆయన పేరిట వెలసిన ప్రదర్శనశాలకు చేరాయి. ఆ సేకరణలో మానదాసుందరి అనే ఆమె తన తండ్రికోసం స్వయంగా కుట్టిన కంథ ఉన్నది. ఆ మాటను ఆమె దారంతోనే రాసుకొన్నది. కళాచరిత్రకారిణి స్టెల్లా క్రామ్రిష్ కూడ కంథలను సేకరించి, వాటిని గురించి విద్వత్తుతో రాశారు. 1929లో వెలువడిన జసీముద్దీన్ కావ్యం 'నక్షీ కాంథార్ మాఠ్'లో భర్త దూరమైన పల్లెపడుచు తమ ఇద్దరి కథనూ కంథమీద కుట్టి, దానిని తన సమాధిమీద పరచమని కోరుతుంది. వంగదేశంలో బొంత ఈ విధంగా సాహిత్యంలోకి, ప్రదర్శనశాలలోకి ప్రవేశించింది.

ఉత్తర కన్నడ జిల్లాలోని హళియాళ, యల్లాపుర ప్రాంతాలలో నివసించే సిద్దీల కథ మరొక తీరు. శతాబ్దాల క్రితం పడమటి తీరానికి తీసుకురాబడిన ఆఫ్రికన్ల సంతతివారు వారు. సిద్దీ స్త్రీ అడుగున చీర పరచి, ఒక మూలనుండి మొదలుపెట్టి, అంచుల వెంబడి తిరుగుతూ, ముక్కమీద ముక్క అతుకుతూ నడిమికి చేరుతుంది. చివర నాలుగు మూలలలో చిన్న ముక్కలను మడిచి పువ్వులవలె కుడుతుంది. ఆ పువ్వులు లేకపోతే బొంత దిసమొలతో ఉన్నట్లేనని వారి భావన. అడవి అంచున కడు పేదరికంలో బ్రతికినవారు సైతం బొంతకు ఆ నాలుగు పువ్వులు మానలేదు. అవసరం తీరగానే చెయ్యి ఆగిపోదనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

తెలుగునాట బొంత వెనుకపట్టు పట్టడానికి కారణాలు స్పష్టమే. 1970ల తరువాత పాలిస్టరు, నైలాను చీరలు ఇంటింటికీ చేరాయి. అవి త్వరగా చిరగవు, మాయవు, ఉతుకుడు సులువు. కాని అవి పాతబడినా మెత్తబడవు, చెమట పీల్చవు. పొరలుగా పరిస్తే ఒకదానిమీద ఒకటి జారిపోతాయి. చీరకు చిరకాలం కట్టుకొనే గుణం వచ్చి, బొంత అయ్యే గుణం పోయింది. వీధిలో స్టీలు సామాన్లవారి కేక వినబడగానే పాతబట్టల మూట గిన్నెగానో గ్లాసుగానో మారిపోసాగింది. మిల్లు దుప్పట్లు, చవక రగ్గులు మిగిలిన పని పూర్తిచేశాయి. ఇందులో ఇల్లాలిని తప్పుపట్టడానికి ఏమీ లేదు. దినమంతా పనిచేసి, ఎండలో నడుము వంచి బొంత కుట్టిన స్త్రీకి విశ్రాంతి దొరకడం మంచిదే. బొంతను కొనియాడేవారు ఆ నడుమునొప్పిని మరచిపోరాదు.

మరొకచోట ఇదే విద్య జీవనోపాధిగా తలయెత్తింది. బీహారులోని ముజఫర్‌పూర్ జిల్లా భూసురా గ్రామంలో 1988 ప్రాంతంలో స్త్రీల సంఘం ద్వారా సుజనీ కుట్టు పునరుద్ధరింపబడింది. సుజనీ మొదట పసిబిడ్డలకోసం పాతబట్టలతో కుట్టినదే. భూసురా స్త్రీలు దానిమీద వరకట్నాన్ని, ఆడశిశువుల పట్ల వివక్షను, బాలికల చదువును చిత్రించారు. బొమ్మ అంచులు గొలుసుకుట్టుతోను, తక్కిన భాగం బట్టరంగు దారపు సన్నని సాదా కుట్టుతోను నిండుతాయి. ఈ ఉద్యమానికి మూలస్తంభమైన నిర్మలాదేవికి 2025లో పద్మశ్రీ పురస్కారం ప్రకటింపబడింది. ఇంటిలో వెలలేని పని బజారులో వెల సంపాదించడం, ఆ వెల స్త్రీ చేతికి రావడం చిన్న విషయం కాదు.

అయితే ఈ మార్పులో ఒక చిక్కు ఉన్నది. బజారుకు పోయే సుజనీ, కంథ ఇప్పుడు ఎక్కువగా కొత్తబట్టమీదనే కుట్టబడుతున్నాయి. కొనేవారికి మరకలేని బట్ట కావాలి, ఒకే కొలత కావాలి, ఒకే రంగు పదిసార్లు కావాలి. కుట్టు మిగిలింది; బట్ట మారింది. బొంత ప్రాణం కుట్టులో ఎంత ఉన్నదో, కట్టి విడిచిన బట్టలో కూడ అంతే ఉన్నది. ఎవరూ కట్టని బట్టమీది కుట్టు అందంగా ఉండవచ్చు, కుట్టినవారికి కూలి ఇవ్వవచ్చు. అది ఎవరి చీర అని మాత్రం ఎవరూ అడగరు.

తెలుగు బొంతమీద పద్మాలు లేవు, ఏనుగులు లేవు, కుట్టినవారి సంతకం లేదు. అందువల్ల సేకరించేవారి చూపు దానిమీద అంతగా నిలవలేదు. అది నిలిచి ఉండకపోవడానికి మరొక కారణం దాని స్వభావంలోనే ఉన్నది. బాగా నలిగిన బొంత మరొక బొంతకు లోపలి పొర అవుతుంది. అదీ నలిగితే ధాన్యపు బస్తాల కిందికి, ఎడ్లబండిలోకి, చివరికి వాకిలి ముందు కాళ్ళు తుడుచుకొనే గుడ్డగా పోతుంది. ఉపయోగం పూర్తిగా ముగిసేదాక వాడుకొనే ఇళ్ళలో దాచదగిన నమూనా మిగలదు. కుట్టడం తెలిసిన చేతులు మాత్రం ఇంకా కొన్ని ఉన్నాయి; అవి వృద్ధుల చేతులు. ఏ పొర ఎందుకు వేశారో, ఏ అంచు ఎవరిదో, కుట్టిన ఆమె పేరేమిటో వారిని అడిగి రాసుకోవలసిన పని మిగిలి ఉన్నది. ఆ పనికి పెద్ద ప్రదర్శనశాల అవసరం లేదు. అటకమీది మూటను దింపి, ఒక వేసవి మధ్యాహ్నం వారి పక్కన కూర్చోవడం చాలు.