బ్యాటరీకి వచ్చిన నీలాపనింద

మా ఊరు నరసాపురమునకు దిగువను, సముద్రపు గాలి తగులుచోట నున్నది. మా వారి బడి ఇంటికి 14 కిలోమీటర్ల దూరము. ఆయన 2021లో కొన్న మోటారుసైకిలే ఆయనను బడికి చేర్చునది, ఇంటికి బియ్యపు మూట తెచ్చునది, మా అత్తగారిని కంటివైద్యునికడకు గొనిపోవునది. అట్టి బండి 2024 మార్చి మొదటివారమున ఒకనాటి ఉదయము కదలక కూర్చుండెను. తాళము త్రిప్పగా పచ్చదీపము మినుకుమనును. సెల్ఫు నొక్కగా లోపల 'టక్కు టక్కు'మని ఏదో కొట్టుకొని, ఆ దీపము కాస్తయు కనుమూయును. హారను మేకపిల్ల యేడ్చినట్లుండెను.

కాలితో తన్నుటకు ఈ బండికి మీట లేదు. వీధిలో నలుగురు త్రోయగా ఎట్లో పలికినది; మా వారు దానిని మెకానికుకడకు తీసికొనిపోయిరి. అతడు హారను విని, "బ్యాటరీ పోయిందండీ మాస్టారూ" అనెను. పాత బ్యాటరీని మార్పిడిలో ఇచ్చి, పైన 1,100 రూపాయలు చెల్లించి కొత్తది వేయించుకొని వచ్చిరి. పండ్రెండు దినములు సుఖముగా గడచెను.

మార్చి 18, సోమవారమున పదవ తరగతి పరీక్షలు. మా వారికి పొరుగూరి బడిలో పర్యవేక్షణ. పరీక్ష తొమ్మిదిన్నరకు, ఆ ఊరికి పోవు బస్సు తొమ్మిదింటికి గాని రాదు. ఆదివారము సాయంకాలము బండి బయటికి తీయబోగా మరల అదే టక్కుటక్కు. ఈసారి త్రోసినను పలుకలేదు. తాళము త్రిప్పినంతనే పెట్రోలు పంపు 'జుయ్యి'మని రెండు క్షణములు మ్రోగవలెను. ఆ ధ్వనియు లేదు. మెకానికు పెండ్లికి పోయెనట. మా వారు అరుగుపై కూర్చుండి, "ఇంకొక బ్యాటరీ కొనవలసినదేనేమో" అని మెల్లగా అనిరి. ఆ మాట అనుటకు ఆయన యెంత చిన్నబోయిరో మాకు తెలియును.

మా నాయనగారు మాకు పద్యములు చెప్పునపుడు, అర్థము పొసగనిచో నిఘంటువు ముట్టనిచ్చువారు కారు. "ముందు క్రియ యెక్కడున్నదో పట్టుకో. అక్కడినుంచి ఎవరు, దేనిని, దేనితో అని అడుగుతూ పో" అనువారు. ఏ ప్రశ్నకు బదులు రాదో అచ్చటనే చిక్కున్నదని ఆయన మతము. మెకానికు నిఘంటువు తెరచెనే గాని అన్వయము చూడలేదని ఆ సాయంకాలము మాకు తోచెను. అతనిని నిందించుట మా యుద్దేశము కాదు. అతని ముందు ఆనాడు ఆరు బండ్లు నిలిచియుండెనట.

పక్కవీధి సైన్సు మాస్టారిని వోల్టులు కొలుచు మీటరు అడిగి తెప్పించితిమి. ముల్లు 20 వోల్టుల గుర్తుపై నుంచవలెననియు, ఎఱ్ఱతీగ ఎఱ్ఱకొమ్మునకు, నల్లతీగ నల్లకొమ్మునకు తాకింపవలెననియు ఆయన రెండే ముక్కలు చెప్పిరి. మేము కూర్చుండబోవుచుండగా మా అత్తగారు కేకవేసిరి. "చేతికి ఆ బంగారపు గాజులేమిటే? తీసెయ్. బోసి చేతులతో కూర్చోకు, మట్టిగాజులు వేసుకో." ఆమె దేనికనినను, ఆ మాట అక్షరసత్యము. లోహపు గాజు రెండు కొమ్ములకును ఒక్కమారు తగిలెనా, క్షణములో కాగి చేయి కాల్చును. గాజునకు ఆ భయము లేదు.

మొదట ఎవరైనను చూడవలసిన చిన్నవి చూచితిమి. కుడిచేతి యొద్దనుండు ఎఱ్ఱస్విచ్చిని పిల్లలు నొక్కి పోవుట కలదు; అది సరిగానే యున్నది. ఫ్యూజు తెగలేదు. (తెగినచో సిగరెట్టు పెట్టెలోని వెండికాగితము చుట్టుట మా వీధిలో కలదు. ఫ్యూజు తెగుట తీగలు కాలకుండుటకే. కాగితము తెగదు, తీగలే కాలును.)

పిదప మీటరు. బ్యాటరీ కొమ్ములయొద్ద 12.6 చూపినది. మా వారిని సెల్ఫు నొక్కుమంటిమి. బలహీనమైన బ్యాటరీయైనచో ఆ క్షణమున అంకె 9కిని దిగువకు పడవలెను. మాది 12.5 కంటె దిగలేదు! కావలసినంత శక్తి యుండియు అది బయటికి పోలేకున్నది. బోదె పూడిపోయినపుడు కాలువ నిండుగా నున్నను చేనికి నీరందదు. కడవ ముంచుకొనుటకు మాత్రము చాలును. దీపము వెలిగి సెల్ఫు తిరుగకుండుట ఇట్టిదే.

ఇక అన్వయము. ఎఱ్ఱకొమ్మునుండి బయలుదేరిన విద్యుత్తు ఫ్యూజు, తాళము, స్విచ్చులు దాటి, పని చేసి, మరల నల్లకొమ్మునకు చేరవలెను. పోవు త్రోవకు రంగురంగుల తీగలున్నవి. తిరిగివచ్చు త్రోవ చాలవరకు బండి యినుపదేహమే. కంటికి కనబడదు కావున దాని నెవరును అనుమానింపరు. మేము మీటరు ఒక కొన నల్లకొమ్మునకును, రెండవ కొన ఇంజనుపై రంగులేని లోహమునకును తాకించి, మరల నొక్కుమంటిమి. ఆ రెంటి నడుమ అర వోల్టునకు మించి చూపరాదు. ఐదు దాటెను.

నల్లతీగను పట్టుకొని పోగా, ప్రక్కరేకు వెనుక అది బండి దేహమునకు బిగింపబడిన మర దొరకినది. పైకి బాగుగనే కనబడుచుండెను. తాళము తీసి, బ్యాటరీకి ముందుగా నల్లకొమ్ము తీగను విప్పి, మా వారు ఆ మర ఊడదీసిరి. క్రింద ఎఱ్ఱని త్రుప్పు, తీగ చివర పచ్చని చిలుము. మూడేండ్ల ఉప్పుగాలి! కొత్త బ్యాటరీ బిగించునాడు ఈ తీగ కదలి, త్రుప్పునడుమ ఎచ్చటనో కొంచెము అంటుకొనియుండును. ఆ పండ్రెండు దినముల సుఖము దాని చలువయే కావచ్చును.

గరుకుకాగితముతో రెండు ముఖములను మెరయునట్లు రుద్ది, మర గట్టిగా బిగించి, పైన కొంచెము వేసలీను పూసితిమి. నల్లకొమ్మును చివరను తగిలించితిమి. (విప్పునపుడు నల్లది ముందు, తగిలించునపుడు నల్లది వెనుక. ఎఱ్ఱకొమ్ము విప్పునపుడు పానా బండి యినుమునకు తగిలినను అపుడు నిప్పులు రాలవు.) తాళము త్రిప్పగా 'జుయ్యి'మనెను. మా అత్తగారు లోపలినుండియే "పలికిందా?" అని అడిగిరి.

శ్యమంతకమణి కథ యేటేట విని అక్షతలు చల్లుకొనువారమే, పాత బ్యాటరీపై నింద వేసి మార్పిడిలో ఇచ్చివేసితిమి. అది నిర్దోషి యని ఇపుడు తెలిసి ప్రయోజనమేమి? ఆ 1,100 రూపాయల మాట మా వారును ఎత్తలేదు, మేమును ఎత్తలేదు.

సోమవారము ఏడున్నరకు ఆయన బయలుదేరుచుండగా మేము వాకిట ముగ్గు వేయుచు తలయెత్తలేదు. చెవి మాత్రము అక్కడనే యుండెను. ఒక్క నొక్కునకే బండి కదలినది.

మీటరు ఇంకను మా గూటిలోనే యున్నది. ఎదురింటివారి స్కూటరు హారను పలుకుట లేదట. మధ్యాహ్నము వచ్చి చూడుమని కబురంపిరి.