భాద్రపదంలో కంసావతి ఒడ్డున

చేపల వేట అనగానే మన తెలుగువారికి గోదావరి, కృష్ణ, కొల్లేరు స్ఫురిస్తాయి. అందులోను వలకున్న గౌరవం గాలానికి లేదు. గాలమంటే చెరువు గట్టున కూర్చుని పొద్దుపుచ్చేవారి పని అన్న చిన్నచూపు మనలో లేకపోలేదు. బెంగాలీ సోదరుల దృష్టిలో మాత్రం అది ఒక విద్య, ఒక వ్యసనం, కొందరికైతే ఒక వేదాంతం. ఆ విద్యలో ఓనమాలు మేము ఖరగ్‌పూర్‌లో దిద్దుకున్నాము. మేమంటే అన్నదమ్ములం ఇద్దరం. ఇద్దరమూ ఇంజనీర్లమే, ఇద్దరమూ ప్రభుత్వరంగ సంస్థలలో జీవితం గడిపినవారమే. మా గురువు మాత్రం మా నాన్నగారు. ఆయన ఇంజనీరు కారు, ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు.

పాఠకులలో ఖరగ్‌పూర్ తెలియనివారు తక్కువ. హౌరా మెయిలులో ప్రయాణించిన ప్రతివారూ ఆ పొడవాటి ప్లాట్‌ఫారాన్ని చూసే ఉంటారు. 1072.5 మీటర్ల ఆ ప్లాట్‌ఫారం ప్రపంచంలోకెల్ల పొడవైనదని మేము బడిలో గర్వంగా చెప్పుకునేవాళ్ళము. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్ళి ఆ కిరీటాన్ని తన్నుకుపోయాయి. మా నాన్నగారు ఈ సంగతిని ఇప్పటికీ మనస్ఫూర్తిగా అంగీకరించలేదు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల వారు తండోపతండాలుగా అక్కడికి వెళ్ళి స్థిరపడ్డారు. నింపురా, మథురాకాటి వీధుల్లో నడుస్తుంటే బెంగాల్‌లో ఉన్నామన్న స్పృహే కలగదు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాషా హోదా ఇవ్వడానికి ఆమోదం తెలిపిందంటే, దాని వెనుక ప్రధానంగా ఉన్నది ఈ ఊరి తెలుగువారే.

ఖరగ్‌పూర్‌కు, మిడ్నాపూర్‌కు నడుమ ప్రవహించేది కంసావతి నది. వాడుకలో కాసాయి. ఛోటానాగపూర్ పీఠభూమి అంచున పురూలియా జిల్లాలో పుట్టి, బాంకురా మీదుగా మిడ్నాపూర్ చేరి, చివరకు కెలెఘాయితో కలిసి హల్దీ నదిగా మారి హుగ్లీలో లీనమవుతుంది. కాళిదాసు రఘువంశంలో చెప్పిన కపిశా నది ఇదేనని పండితులలో పలువురి అభిప్రాయం. రఘుమహారాజు సేనలు ఏనుగులనే వంతెనగా చేసుకుని ఈ నదిని దాటి కళింగం వైపు సాగాయట. మా తాతగారు అదే కళింగం నుంచి మూడవ తరగతి టికెట్టుతో ఎదురుదారిన వచ్చి ఈ నది పక్కనే కాపురం పెట్టారు.

మిడ్నాపూర్ పొలిమేరలో ఈ నదికి అడ్డంగా ఒక పాత ఆనకట్ట ఉన్నది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన తరువాత, ఆ విజయాన్ని చూసి ఒరిస్సాలోను, మిడ్నాపూర్‌లోను కాలువలు తవ్వడానికి 1860లలో ఈస్ట్ ఇండియా ఇరిగేషన్ కంపెనీ పూనుకున్నది. అందుకు ప్రేరకుడు మన కాటన్ దొరే. లాభాలు రాక కంపెనీ చేతులెత్తేసింది. పనులు ప్రభుత్వం పాలయ్యాయి. కాని మాట మాత్రం మిగిలింది. మిడ్నాపూర్ వాసులు దానిని 'ఆనికెట్' అంటారు. దక్షిణాది మాట ఇంగ్లీషువాని నోట పడి, బెంగాలీ వాని నోట స్థిరపడినది. తమ ఊరి పొలిమేరలో మన ఆనకట్ట నిలిచి ఉన్నదని అక్కడివారెవరికీ పట్టదు. మాకు మాత్రం అక్కడ నిలబడినప్పుడల్లా గోదావరి జ్ఞాపకం వస్తుంది.

వేటకు భాద్రపదమే ఎందుకంటే, శ్రావణపు వరద తగ్గి నీరు తేరుకోవడం మొదలవుతుంది, ఎండ మాత్రం తగ్గదు. వేడి పెరిగినకొద్దీ నీటిలో ప్రాణవాయువు తగ్గుతుందన్నది సాంకేతిక విద్య చదివినవారందరికీ తెలిసిన విషయమే. 20 డిగ్రీల వద్ద లీటరు నీటిలో తొమ్మిది మిల్లీగ్రాముల దాకా కరుగుతుంది. 30 డిగ్రీల వద్ద ఏడున్నరకు మించదు. అందువలన పెద్ద చేపలు నిలవ నీటిని వదిలి, ఆనకట్ట కింద నురగలు కక్కే చోటికి చేరుతాయి. ఎగువకు పోలేక అక్కడ గుమికూడిన చిన్న చేపలు వాటికి ఆహారం. ఉరవడి నీటికి, నెమ్మది నీటికి నడుమ ఒక గీత కనబడుతుంది. వాలుగ కాపు వేసేది ఆ గీత మీదనే. కొరమీను దారి వేరు. అది నీటి పైకి వచ్చి గాలి పీల్చుకోగలదు కనుక ప్రాణవాయువు లెక్కలతో దానికి నిమిత్తం లేదు. నాచు పట్టిన పక్క మడుగుల్లో హాయిగా పడుకుంటుంది. ఈ సిద్ధాంతమంతా మేము కళాశాలలో నేర్చుకున్నాము. మా నాన్నగారు ఏ పుస్తకమూ చదవకుండానే సరిగ్గా ఆ గీత మీదికే గాలం విసిరేవారు.

ఎర విషయంలో బెంగాలీలను మించినవారు లేరు. రోహుకు, కట్లకు వారు వాడే మేలైన ఎర ఎర్రచీమల గుడ్లు. జంగల్‌మహల్ సాల అడవులలో ఆకులను కుట్టి గూళ్ళు కట్టుకునే చీమలవి. వాటి గుడ్లను సేకరించి అమ్ముకుని బతికే కుటుంబాలు ఉన్నాయి. వేటకు ముందు నీటిలో చల్లే మేతను 'చార్' అంటారు. ఆవపిండి చెక్క, వేయించిన తవుడు, మెంతులు, ఏకాంగీ అనే సువాసన దుంప కలిపి ముద్ద చేస్తారు. పాళ్ళు ఎవరికి వారికి రహస్యమే. వర్క్‌షాపులో ఒక వృద్ధ ఫోర్‌మన్ దాదా పదవీ విరమణ రోజున మా నాన్నగారి చెవిలో తన పాళ్ళు చెప్పి వెళ్ళారట. ఆయన మాకు ఇంతవరకు చెప్పలేదు.

వాలుగకు ఈ సువాసనలేవీ పనికిరావు. దానికి కావలసినది బతికిన చిన్న జెల్ల. నోటి నిండా సన్నని పళ్ళుంటాయి కనుక నైలాన్ తాడును కొరికిపారేస్తుంది. మా నాన్నగారు పాత సైకిలు బ్రేకు కేబులు విప్పి, అందులోని ఒక్క తీగను కొక్కేనికి ముడివేసేవారు. ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. మన కావ్యాలలో సుందరీమణుల కన్నులను బేడిసలతోను, వాలుగలతోను పోల్చడం పరిపాటి. వాలుగను ఒడ్డుకు లాగి చూసినవారెవరూ అలా అనరు. దాని కళ్ళు చిన్నవి, నోరు మాత్రం అతి పెద్దది. మీసాలతో తడుముకుంటూ వేటాడే జీవి అది. ఒడలి వంపును చూసి కవులు అలా అన్నారని సరిపెట్టుకోవాలి. అమెరికాలో ఉత్తరాది సరస్సులలో 'వాలై' అనే చేప ఉన్నది. దానికి ఆ పేరు కళ్ళను బట్టే వచ్చింది. పిల్లి కళ్ళ వలె చీకటిలో మెరుస్తాయి. అక్కడివారు వేసవి చివర దానికోసం, బాస్ కోసం నదులు గాలిస్తారని మా మేనల్లుడు ఫోటోలు పంపాడు. మా నాన్నగారు ఆ ఫోటోలు చూసి, "కర్రకి చక్రం, పడవకి మోటారు, ఇంక చేపకేటి మిగిలింది?" అన్నారు.

ఇక అసలు విషయానికి వస్తాము. మా అమ్మగారు పోయిన తరువాత నాన్నగారు మలంచా ప్రాంతంలోని చిన్న ఇంట్లో ఒంటరిగా ఉంటున్నారు. వయస్సు 82. నిరుడు శీతాకాలంలో స్నానాలగదిలో జారిపడ్డారు. ఎముక విరగలేదు కాని కుడికాలు మునుపటి వలె లేదు. విశాఖ వచ్చి మా దగ్గర ఉండమని మేము ఎన్నోసార్లు ప్రాధేయపడ్డాము. ఈసారి విశ్వకర్మ పూజకు ఖరగ్‌పూర్ వెళ్ళినప్పుడు తిరుగు ప్రయాణానికి మూడు టికెట్లు తీసుకునే వెళ్ళాము. అది చూసి ఆయన కోపగించుకోలేదు. కాసేపు ఊరుకుని ఒక బేరం పెట్టారు.

"ఒరే పెద్దోడా! రేపు కాసాయి దగ్గరికి పోదాం. రోడ్డు కాడినుంచి నీటి దాకా ఎవరి సాయం లేకండా నడిచినాననుకో, వచ్చే పూజ దాకా నన్ను కదపకండి. నడవలేకపోతే మీ మూడో టికెట్టు మీద నానే వస్తాను."

మా తమ్ముడు నావైపు చూడకుండానే సరే అన్నాడు. అతనికి ఆ రాత్రి నిద్రపట్టలేదు. మాకూ పట్టలేదు. నాన్నగారు ఓడిపోవాలని కోరుకోవడం ఎంత కష్టమో, గెలవాలని కోరుకోవడమూ అంతే కష్టంగా ఉండెను.

సెప్టెంబరు 18 ఉదయం చీకటితోనే బయలుదేరి, టోటోలో వంతెన దగ్గర దిగాము. అక్కడి నుంచి గట్టు దిగి ఇసుక మీద అర కిలోమీటరు నడక. ఆయన ముందు, మేము వెనుక. చేతికర్రగా వెదురు గాలపుకర్రనే పట్టుకున్నారు. మూడుచోట్ల ఆగారు. ఆగిన ప్రతిసారీ ఏదో ఒకటి చూపించేవారు. ఒకచోట 1978 వరద ఎంత ఎత్తుకు వచ్చిందో చెప్పారు. ఇంకొకచోట కర్రతో నీటిని పొడిచి, అడుగు అందని గుంటను చూపించారు. ఇసుక తవ్వుకుపోయిన గుంట అది. పైకి మోకాలి లోతు నీరనిపిస్తుంది. కాలు పెడితే మనిషి మునుగుతాడు. సెలవులకు పిల్లలను నదీతీరాలకు తీసుకువెళ్ళే మన ఉద్యోగి మిత్రులు ఈ ఒక్క విషయం దయచేసి గుర్తుంచుకోవాలి. మూడవసారి ఆగినప్పుడు చూపించడానికి ఏమీ లేదు. ఊరికే నిలబడి ఊపిరి తీసుకున్నారు. తూర్పు తెల్లబడుతుండగా నీటి అంచును చేరారు.

గంటసేపు జెల్లలు తప్ప ఏమీ పడలేదు. వాటి ముళ్ళు గుచ్చుకుని మా తమ్ముడి వేలు వాచింది. పూర్వం ఈ మడుగులలో మొసలి పిల్లలంతేసి వాలుగలు దొరికేవి. ఇప్పుడు ప్రకృతి పరిరక్షణకు చెందిన అంతర్జాతీయ సంఘం ఈ చేపను ముప్పు ఎదుర్కొంటున్న జాతులలో చేర్చింది. వాన నీరు పొలాలలోకి పొంగినప్పుడు అది గుడ్లు పెడుతుంది. ఎగువన ముకుట్‌మణిపూర్ వద్ద జలాశయం కట్టిన పిమ్మట పొంగులు తగ్గాయి. ఇసుకతో పాటు మడుగులూ పోయాయి. వలకన్ను దోమతెరంత అయింది. జలాశయం కట్టినవారు మనవంటి ఇంజనీర్లే. అది నీరిచ్చిన పొలాలూ ఉన్నాయి కనుక ఎవరినీ నిందించలేము.

ఆరున్నర ప్రాంతంలో నాన్నగారి చేతితాడు బిగిసింది. ఆయన లేవలేదు. కూర్చునే తాడును వదులుతూ, లాగుతూ, మళ్ళీ వదులుతూ పదినిమిషాలు ఆడించారు. ఒడ్డుకు వచ్చిన వాలుగను మడతస్కేలుతో కొలిచారు. ఇరవైయేడు అంగుళాలు. రెండు కిలోలకు కొంచెం తక్కువ. మేము దానిని సంచిలో వేస్తుంటే ఆయన చేపను చూడలేదు; నీటి అంచున గుచ్చిన ఒక పుల్లను చూస్తున్నారు. కూర్చున్నప్పుడే చాకుతో గాట్లు పెట్టి గుచ్చిన పుల్ల అది.

"రెండు గాట్లు మునిగినాయి. పైన నీళ్ళు ఒదిలినట్టున్నారు. సర్దండి" అన్నారు.

వాన లేదు, ఆకాశం నిర్మలంగా ఉన్నది. అయినా మారు మాట్లాడక సర్దాము. వెనుక ఉన్న పాయ వచ్చేటప్పుడు పొడిగా ఉండెను. తిరిగి వెళ్ళేసరికి చీలమండ లోతు నీరు పారుతున్నది. దానిని దాటిన పావుగంటకు మేము కూర్చున్న ఇసుకతిన్నె ద్వీపమైనది. అవతల ఉన్న జాలరులు కూడ కేకలు వేసుకుంటూ పడవలు గట్టుకు లాగుకున్నారు.

గట్టు ఎక్కడం ఆయన వల్ల కాలేదు. రెండుసార్లు ప్రయత్నించారు. కుడికాలు నిలవలేదు. మా తమ్ముడు ఒకవైపు, ఒక బెంగాలీ జాలరి కుర్రవాడు మరొకవైపు పట్టుకుని పైకి చేర్చారు. రోడ్డు మీద టీ కొట్టు బల్ల మీద కూర్చుని, టీ సగం తాగిన తరువాత ఆయనే అన్నారు.

"బేరం నడక గురించే గదా! ఎక్కడం గురించి కాదు."

మా తమ్ముడు నవ్వాడు. నవ్వుతూనే లేచి, టీ డబ్బులు ఇచ్చే నెపంతో అటు తిరిగాడు.

ఇంటికి వచ్చాక వాలుగను ఆయనే కోశారు, ఆవ పెట్టి పులుసు ఆయనే దింపారు. పక్కింటి బెంగాలీ అమ్మగారికి ఒక గిన్నెడు పంపారు. ఆ మధ్యాహ్నమే స్నానాలగదిలో గోడకు రెండు ఇనుపకడ్డీలు బిగించాము. ఎక్కడ ఎంత ఎత్తున బిగించాలో ఆయన చెప్పారు, మేము డ్రిల్లు పట్టాము. పక్కింటివారి కుర్రవాడు ప్రతి రాత్రి వచ్చి పలకరించేటట్లు మాట తీసుకున్నాము. దీనికి మాత్రం ఆయన కొంత గొణిగారు.

సాయంత్రం స్టేషనుకు వెళ్ళి మూడవ టికెట్టు రద్దు చేయించాము. కౌంటరులోని గుమాస్తా తెలుగువాడే. రద్దు రుసుము పోను మిగిలినది లెక్కపెట్టి ఇస్తూ, "పెద్దాయన రావడం లేదా అండీ?" అని అడిగాడు. వచ్చే సంవత్సరం చూడాలని చెప్పాము.